పాత జీపు కొనేముందు: కాగితం, చట్రం, రెండు హౌసింగులు

జీపు అనే మాట మన ఊళ్ళలో ఏనాడూ ఒక కంపెనీ పేరుగా వినిపించలేదు. ఏజెన్సీ ఘాట్లలో మనుషుల్నీ బస్తాల్నీ కలిపి ఎక్కించుకుపోయే సర్వీసు జీపు, ఎన్నికలప్పుడు మైకు కట్టుకుని తిరిగే జీపు, పోలీసుల జీపు, ఫారెస్టు వాళ్ళ జీపు అన్నీ మనకు జీపులే. వాటిలో ఎక్కువ భాగం మహీంద్రా వాళ్ళవి, ఆ తర్వాత మారుతి జిప్సీలు. అవి పనిలోంచి తప్పుకుంటున్న కాలంలోనే వాటిని ఇష్టపడి కొనేవాళ్ళు పెరిగారు. అలా కొనేవాళ్ళలో చాలామంది మొదట అడిగే ప్రశ్న "ఇంజన్ ఎలా ఉంది?" అని. ఆ ప్రశ్నకు చివరి స్థానం ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పాత జీపులో డబ్బు పెడితే ఖాయంగా బాగయ్యేది ఇంజనే. రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉన్న బండీ ఎదురుగా నిలబడిన బండీ ఒకటేనా, నాలుగు చక్రాలకూ నిజంగా పుల్లింగ్ అందుతోందా అన్నవే ముందు తేలాలి.

ఈ రెండు ప్రశ్నలూ ఎందుకు పుడుతున్నాయో తెలియాలంటే ఈ బండ్ల వంశం కొంత తెలియాలి. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలైన కంపెనీ 1947లో అమెరికా విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించడం ప్రారంభించింది. ఆ వరసలో మనదేశంలో స్థిరపడిన మోడల్ సీజే3బీ. ఇన్‌టేక్ వాల్వులు పైన ఉండే 2.2 లీటర్ల హరికేన్ ఇంజన్ ఎత్తు ఎక్కువ కావడంతో దాన్ని పట్టించడానికి బానెట్ పైకి లేపారు, ఆ ఎత్తయిన ముఖమే దాని గుర్తు. విల్లీస్ వాళ్ళు 1953లో మొదలుపెట్టి 1968లో ఆపేసిన ఆ బండి కొద్దికొద్ది మార్పులతో మన దగ్గర ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు తయారైంది. దాని వెనకే డీజిల్ బండ్లు వచ్చాయి. వాటిలో జనం ఫైవ్ ఫార్టీ అని పిలిచే ఎంఎం540కి ప్యూజో ఎక్స్‌డీపీ 2112 సీసీ డీజిల్ ఇంజన్ పేరు తెచ్చింది. మారుతి జిప్సీ 1985లో 970 సీసీ పెట్రోల్ ఇంజన్‌తో వచ్చి, 1996లో 1298 సీసీ ఇంజన్‌తో జిప్సీ కింగ్ అయింది. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో సైన్యం కోసం తయారైన జోంగా, నిస్సాన్ పెట్రోల్ ఆధారంగా దాదాపు నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌తో నడిచేది. ఇక్కడ పెట్రోల్ అన్నది నిస్సాన్ వాళ్ళ మోడల్ పేరు, ఇంధనం పేరు కాదు. ఆ బండి మైలేజీ భరించగలిగిన వాళ్ళు తక్కువ కాబట్టి దాని సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

మహీంద్రా బండ్ల ప్రత్యేకత ఏమిటంటే, ఒక దశాబ్దపు బండి సామాను చిన్న మార్పులతో ఇంకో దశాబ్దపు బండికి సరిపోతుంది. సీజే3బీ కింద ఫైవ్ ఫార్టీ హౌసింగ్ (ఇరుసూ దాని గేర్లూ ఉండే ఇనుప గొట్టం) పెట్టవచ్చు, పెట్రోల్ ఇంజన్ దింపి డీజిల్ ఎక్కించవచ్చు, బాడీ మొత్తం కొత్త రేకుతో చేయించవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ రాణీగంజ్‌లోనో సామాను వెతికితే ఈనాటికీ దొరకడం, ఏ పాన పట్టిన మెకానిక్ అయినా దీన్ని విప్పగలగడం ఆ ప్రత్యేకత వల్ల కలిగిన మేలు. కొనేవాణ్ణి ముంచేదీ అదే. ముప్ఫై నలభై ఏళ్ళ జీపు చాలాసార్లు నాలుగైదు బండ్ల భాగాల కూడిక. ఆ కూడికకు చట్టం దృష్టిలో పేరు ఇచ్చేది ఛాసిస్ నంబరు ఒక్కటే. యంత్రంగా దాన్ని ఒకటిగా నిలిపేవి చట్రమూ, ముందు వెనకల రెండు హౌసింగులూ. మార్కెట్లో ధర పలికేది మాత్రం రంగూ, టైర్లూ, ముందు బిగించిన హంగులూ చూసి.

పుస్తకంలో ఉన్న బండి

పదిహేనేళ్ళు దాటిన బండి తుక్కుకు పోవాల్సిందేనన్న మాట బాగా ప్రచారంలో ఉంది. సొంత బండ్ల విషయంలో చట్టం అలా అనలేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని చూపించి, ఫిట్‌నెస్ నిరూపించుకుని, ఫారం 25తో దరఖాస్తు చేసి అయిదేసి ఏళ్ళ చొప్పున పొడిగించుకోవచ్చు. అయోమయానికి కారణం ఢిల్లీ. రాజధాని ప్రాంతంలో కాలుష్యం మూలంగా పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్ల మీద కోర్టులూ ట్రిబ్యునలూ పెట్టిన ఆంక్షలను దేశమంతటి చట్టంగా పొరబడ్డారు. మారింది ఖర్చు. సొంత కార్లు, జీపుల రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 20 ఏళ్ళు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. అంటే పాత జీపు పెట్టుకోవడం నేరం కాదు, కానీ అయిదేళ్ళకోసారి లెక్కలోకి తీసుకోవాల్సిన ఖర్చు.

ప్రభుత్వ శాఖల బండ్ల సంగతి వేరు. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సొంత వాహనాలకు పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ చెల్లదు, అవి తుక్కు కేంద్రానికే పోవాలి. ఒకప్పుడు పోలీసు, అటవీ శాఖల వేలంలో జిప్సీ పాడుకుని పేరు మార్పించుకునేవాళ్ళు. పదిహేనేళ్ళు నిండిన బండికి ఆ దారి ఇప్పుడు మూసుకుపోయినట్టే. అందువల్ల "డిపార్ట్‌మెంట్ వేలం బండి, కాగితాలు తర్వాత వస్తాయి" అని ఎవరైనా అంటే ఆ కాగితాలు వచ్చేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకూడదు.

కాగితం నిజానిజాలు చూడటంలో ఒక వరస ఉంది. ముందుగా బండి వివరాలు ప్రభుత్వపు వాహన్ డేటాబేస్‌లో కనిపిస్తున్నాయో లేదో చూడాలి. 1989కి ముందు మూడక్షరాల నంబర్లతో నమోదై, చేత్తో రాసిన పుస్తకం మీదే బతుకుతున్న బండ్లు ఇంకా ఉన్నాయి. వాటి వివరాలను ఆర్టీఏ కార్యాలయంలో కంప్యూటర్‌కు ఎక్కించకుండా పేరు మార్పు జరగదు, ఎక్కించాలంటే అక్కడి పాత రిజిస్టరులో ఆ నమోదు దొరకాలి. ఆ పనిని అమ్మేవాడి చేతే చేయించుకోవడం మంచిది. కొన్నాక మనం తిరిగితే పాత యజమాని సంతకం కోసమో, ఎప్పుడో తీరిన ఫైనాన్సు రద్దు చేసే ఫారం 35 కోసమో ఊళ్ళు పట్టుకు తిరగాల్సి వస్తుంది. ఆ తర్వాత పుస్తకంలోని ఛాసిస్ నంబరును చట్రం మీద కొట్టిన అంకెలతో పోల్చాలి. అంకెల చుట్టూ కొత్త వెల్డింగ్ మచ్చ గానీ, అక్కడ మాత్రమే మందంగా ఉన్న రంగు గానీ, వరస తప్పిన అంకె గానీ కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయాలి.

ఇంధనం గడి దగ్గర ఇంకా ఎక్కువమంది పడిపోతారు. పుస్తకంలో పెట్రోల్ అని ఉండి బానెట్ కింద డీజిల్ ఇంజన్ ఉంటే, అది ఎంత బాగా నడుస్తున్నా, చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అలాంటి బండికి రిజిస్ట్రేషన్ పొడిగించే రోజున ఇబ్బంది తప్పదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ప్రమాదం జరిగిన రోజున, ఇన్సూరెన్స్ కంపెనీ పుస్తకంతో బండిని పోల్చినప్పుడు వస్తుంది. హర్యానాలోని డబ్వాలీ, పంజాబ్‌లోని కొన్ని పట్టణాలు జీపులను కొత్తగా కట్టి ఇవ్వడంలో దేశమంతటా పేరు పొందాయి. అక్కడి పనితనం మీద నాకు గౌరవమే ఉంది. అయితే అక్కడైనా మరెక్కడైనా కొత్త చట్రం మీద కట్టిన బండికి పాత పుస్తకం తగిలించి ఇస్తే ఆ పుస్తకం ఆ బండిది కాదు. వేరే రాష్ట్రపు బండి నిజమైనదే అయినా ఫారం 28తో నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి, ఇక్కడ వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి. ఆ ఖర్చంతా కలుపుకున్నాక కూడా చవకగా ఉందా అన్నది కొనకముందే కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క.

యాభై ఏళ్ళు దాటిన జీపులకు 2021 జులైలో వింటేజ్ నియమాలు వచ్చాయి. వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు, రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ తిరుగుళ్ళకు వాడకూడదు. పొలానికి వెళ్ళిరావడానికి జీపు కొనేవాళ్ళకు ఈ దారి పనికిరాదు.

సుత్తి చెప్పే మాట

బాడీ మీద తుప్పు భయపెడుతుంది గానీ అది డెంటింగ్ వాళ్ళ పనితో తీరిపోయే విషయం. చట్రం మీద తుప్పు అలా తీరదు. చిన్న సుత్తి పట్టుకుని కిందికి దూరి, కమాన్ల (పట్టీ స్ప్రింగుల) బ్రాకెట్లు చట్రానికి తగిలే చోట, బాడీ మౌంట్ల కింద, వెనక అడ్డపట్టీ దగ్గర తట్టుకుంటూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది, మరీ తిన్నదైతే పెచ్చులు రాలుతాయి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ళలో బతికిన బండిని ఇంకో రెండు రెట్లు ఎక్కువసేపు చూడాలి. గుడ్డ టాపు బండ్లలో వాన నీరు నేరుగా ఫ్లోరు మీదికి దిగుతుంది కాబట్టి మ్యాటు ఎత్తి చూడకుండా లేవకూడదు. సొట్టలు పూడ్చే లాంబీ ఎంత మందంగా రుద్దారో ఒక మామూలు అయస్కాంతం చెప్పేస్తుంది.

నాలుగు చక్రాల లెక్క

ఇక అసలు విషయం. ఈ పాత బండ్లలో ఫోర్ వీల్ ఉన్నవాటన్నిటిలోనూ ఉన్నది అవసరమైనప్పుడు మాత్రమే వేసుకునే రకం. మామూలుగా వెనక చక్రాలు మాత్రమే తోస్తాయి. గేర్‌బాక్స్ వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్ వేస్తే ముందు ఇరుసుకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా వెనక షాఫ్ట్‌తో కలిసి తిరుగుతుంది. కలిసి అన్న మాటను అక్షరాలా తీసుకోవాలి, ఎందుకంటే ఆ రెంటి మధ్య వేగం తేడాను సర్దే డిఫరెన్షియల్ ఏదీ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికన్నా పెద్ద వంపులో పోతాయి, కాబట్టి అవి ఎక్కువ చుట్లు తిరగాలి. షాఫ్టులు రెండూ కట్టిపడేసినట్టు ఉన్నప్పుడు ఆ తేడాను ఎవరో ఒకరు భరించాలి. బురదలో, ఇసుకలో టైరు కొంచెం జారి దాన్ని భరిస్తుంది. తారు రోడ్డు మీద టైరు జారదు, అందుకని ఆ ఒత్తిడి గేర్ల పళ్ళ మీద, జాయింట్ల మీద పేరుకుంటుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంది, లివర్ వెనక్కి రాదు. అప్పుడు లివర్‌ను బలవంతంగా లాగకుండా బండిని నాలుగడుగులు రివర్సు చేస్తే ఒత్తిడి దిగి అదే వదులుతుంది. వాన రోడ్డు మీద పట్టు కోసమని ఫోర్ వీల్ వేసి ఊరంతా తిరిగిన బండి ట్రాన్స్‌ఫర్ కేస్ అరుపు వినగానే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇదే సూత్రాన్ని కొనుగోలుకు అన్వయించాలి. తిన్నటి రోడ్డు మీద కూడా ముందు, వెనక చక్రాలు ఒకే లెక్కన తిరగాలంటే రెండు హౌసింగుల్లోని క్రౌన్, పినియన్ అనే జంట గేర్ల నిష్పత్తి, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ తిరిగే చుట్ల లెక్క, ఒకటే అయి ఉండాలి. పాత జీపుల్లో 5.38 నిష్పత్తి ఉన్నవీ 4.88 ఉన్నవీ ఉన్నాయి, బయటికి చూడటానికి హౌసింగులు ఒకేలా కనిపిస్తాయి. నేను మొదట కొన్న జీపుకు రంగు బాగుంది, ఇంజన్ ఒక్క సెల్ఫుకు అందుకునేది, పుస్తకం సరిగ్గానే ఉంది. మూడు నెలల్లో రెండుసార్లు మాత్రమే ఫోర్ వీల్ వేశాను. రెండోసారి మెత్తటి దుక్కి నేలలో కూడా లివర్ బిగుసుకుపోయింది, దిగి చెయ్యి పెడితే ట్రాన్స్‌ఫర్ కేస్ ముట్టుకోనీయకుండా కాలుతోంది. ఊళ్ళో ఒక పెద్ద మేస్త్రీ బండిని చూసి, ఏమీ విప్పకుండా, సుద్దముక్క ఒకటి తెమ్మన్నాడు.

ఆయన చేసింది ఎవరైనా చేయగలరు. లివర్లు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదిలి, మిగతా చక్రాలకు గట్టిగా రాళ్ళు పెట్టి, వెనక ఒక చక్రాన్ని జాకీతో లేపాడు. టైరు మీద, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీతలు పెట్టాడు. నేల మీద ఉన్న చక్రం కదలదు కాబట్టి గాల్లో ఉన్న చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే ఆ హౌసింగ్ నిష్పత్తి. వెనక అయిదు చుట్లు దాటి మరో మూడో వంతుకు పైగా వచ్చింది. ముందు కూడా అలాగే చేస్తే అయిదు చుట్లకు కొంచెం తక్కువే వచ్చింది. అంటే వెనక 5.38, ముందు 4.88. లివర్ వేసిన క్షణం నుంచీ ముందు చక్రాలు వెనక వాటికన్నా పదో వంతు వేగంగా పరుగెత్తాలని చూస్తున్నాయి, నేల వాటిని పట్టి ఉంచుతోంది, మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేస్ నలిగిపోతోంది. ఎప్పుడో ఎవరో ముందు హౌసింగ్ దొరికిందని తెచ్చి బిగించారు, అమ్మినవాడికి ఆ సంగతి తెలుసో లేదో నేను చెప్పలేను. కొనేముందు ఇరవై నిమిషాలూ ఒక సుద్దముక్కా ఖర్చు పెట్టి ఉంటే ఆ హౌసింగ్ ఖర్చు తప్పేది.

ముందు హౌసింగ్ ఉన్నంత మాత్రాన అది పనిచేస్తోందని కూడా అనుకోకూడదు. టూ వీల్‌గానే తయారైన జీపులు చాలా ఉన్నాయి, ఆ తేడా పుస్తకం చూస్తే అన్నిసార్లూ తెలియదు. ఇంకొన్నిటిలో మైలేజీ కోసమో, అరిగిన సామాను మార్చలేకో ముందు షాఫ్ట్ విప్పేశారు. లోపలి యాక్సిల్ రాడ్లు తీసేసి ఖాళీ గొట్టంలా వదిలేసినవీ ఉంటాయి. అందుకే ముందు చక్రం లేపి, హబ్బులు (చక్రాన్ని యాక్సిల్‌కు కలిపే మధ్యభాగాలు) చేత్తో తిప్పి లాక్ చేసే రకమైతే లాక్ చేసి, లివర్ వేశాక చక్రం తిప్పితే షాఫ్ట్ తిరగాలని చూస్తుందో లేదో గమనించాలి. ఆ తర్వాత వదులు మట్టి ఉన్న చోటికి తీసుకెళ్ళి చిన్న గేరులో, అంటే ఫోర్ లోలో, నెమ్మదిగా ఎత్తు ఎక్కించాలి. లివర్ ఎగిరి బయటికి వస్తోందా, యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా కింద ఠప్పుమంటోందా అన్నది అక్కడే బయటపడుతుంది. స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు ముందు చక్రం లోపల టకటక వినిపిస్తే అక్కడి జాయింట్ అరిగిందని అర్థం. ఒక గతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ ఊగిపోయి స్టీరింగ్ చేతుల్లో నిలవకపోతే కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, కమాన్ బుష్షులు వరసగా చూడాలి. ఆ వణుకును స్టీరింగ్ కుదుపును మింగే ఒక్క డ్యాంపర్ బిగించి కప్పేసిన బండ్లు చూశాను, అది జబ్బును దాచడమే.

ఇంట్లో ఉన్నాక

ఈ బండ్ల బ్రేకుల గురించి కొత్తగా కొన్నవాళ్ళకు ఎవరూ చెప్పరు. సీజే3బీ వంటి పాత మహీంద్రాల్లో నాలుగూ డ్రమ్ములే, కాలి బలాన్ని పెంచే బూస్టర్ ఉండదు, మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ దారి. ఏ ఒక్క చక్రం దగ్గర లీకైనా పెడల్ మొత్తం కిందికి పోతుంది. అందుకని వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, ఆయిల్ కొన్న వెంటనే ఒకేసారి మార్చేయడం నా నియమం. వాగు దాటాక తడిసిన డ్రమ్ములు పట్టవు, కాబట్టి కొంత దూరం బ్రేకు మీద తేలిగ్గా కాలు ఉంచి నడిపి ఆరబెట్టాలి.

హ్యాండ్ బ్రేక్ సంగతి ప్రాణాలకు సంబంధించింది. పాత జీపుల్లో అది చక్రాల మీద ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఉన్న చిన్న డ్రమ్ము మీద ఉంటుంది. వెనక చక్రాలు రెండూ నేల మీద ఉన్నంతసేపూ అది బాగా పట్టి ఉంచుతుంది. పంక్చర్ అయి వెనక ఒక చక్రాన్ని జాకీ మీద లేపారనుకోండి, షాఫ్ట్ కదలకపోయినా డిఫరెన్షియల్ గుండా గాల్లో చక్రం ఒక వైపు, నేల మీది చక్రం ఇంకో వైపు తిరగగలవు. అంటే హ్యాండ్ బ్రేక్ వేసి ఉన్నా బండి జాకీ మీద నుంచి జారిపోతుంది. గేరులో ఉంచినా అంతే. స్టెప్నీ పక్కనే రెండు చెక్క దిమ్మెలు ఎప్పుడూ ఉండాలి, జాకీ కన్నా ముందు అవి చక్రాల కిందికి పోవాలి.

పెట్రోల్ బండ్లకు ఈమధ్య ఇథనాల్ కలిపిన పెట్రోల్ కొత్త సమస్య. కార్బురేటర్ కాలపు రబ్బరు గొట్టాలూ గ్యాస్కెట్లూ 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునేలా చేసినవి కావు. అది చెమ్మను కూడా పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలబెట్టిన బండి ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఇంధన గొట్టాలన్నీ కొత్త రకంవి వేయించి, బండిని పదిహేను రోజులకోసారైనా వేడెక్కేదాకా నడపాలి. నెలకోసారి మట్టి దారి మీద ఫోర్ వీల్ కూడా వేసి ఒక కిలోమీటరు పోతే ముందు హౌసింగ్‌లోని ఆయిల్ గేర్లకూ సీళ్ళకూ అంది, అవి ఎండి పగలకుండా ఉంటాయి.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ తప్పనిసరి. సొంత బండికి కూడా రక్షణ కావాలంటే, అయిదేళ్ళు దాటిన బండ్ల విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకుంటారు. జీపు బాగు చేయించేటప్పుడు ప్రతి బిల్లునూ, పని ముందు తర్వాతి ఫొటోలనూ దాచుకుంటే ఆ మాటలో మనకు కొంత బలం ఉంటుంది. అదే కవరులో ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర ఒకటి తీసి పెట్టుకోవాలి. చట్రం మీద అంకెలున్న చోట రంగు పొర గీకి, గ్రీజు తుడిచి, పల్చటి కాగితం ఆనించి పెన్సిల్ రుద్దితే అంకెలు తేటగా దిగుతాయి. ఆ తర్వాత అక్కడ పల్చగా గ్రీజు రాసి వదిలేయాలి, దాని మీద ఏ రంగూ వేయనివ్వకూడదు. అయిదేళ్ళకు మళ్ళీ రిజిస్ట్రేషన్ పొడిగించే రోజున ఇన్‌స్పెక్టర్ ముందుగా వంగి చూసేది ఆ చోటునే.